పేరు, పత్రము, ప్రయాణము

ఇంటియందే కూర్చుండి దేశాంతరములవారి కొలువు చేయుట నేటి మన స్త్రీలకు క్రొత్త కాదు. కొలువు అమెరికాలో నుండును. కొలువుచేయు చేతులు హైదరాబాదులోనో, విశాఖపట్టణములోనో యుండును. ఆ చేతులు మూడవ దేశమునకు తరలిపోయి, అచ్చట కాపురముండి, అదే కొలువును సాగించుటకుగాను ఇటీవల కొన్ని ప్రభుత్వములు ప్రత్యేకమైన వీసాలను కల్పించినవి. 2020 వ సంవత్సరమున బార్బడోసు ద్వీపమును, ఎస్టోనియా దేశమును ఈ త్రోవ తీసినవి. స్పెయిను దేశమువారు 2022 డిసెంబరు నెలలో చేసిన చట్టము ననుసరించి దీని నొసగుచున్నారు. మా చిన్న ఆడుబిడ్డ ఆ స్పెయిను వీసాను కోరి దరఖాస్తు పెట్టుకొన్నప్పుడు కాగితముల పని చాలవరకు మా యింటనే జరిగినది. అందు మేము గమనించిన సంగతులు కొన్ని సోదరీమణులకు తెలిసియుండుట మంచిదని తోచి యిట వ్రాయుచున్నాము.

ఉన్న యూరు విడిచిపోవలసిన అవసర మేమి వచ్చినదని మొదట అడుగువారున్నారు. మేమును అడిగితిమి. మా ఆడుబిడ్డ హైదరాబాదులో నుండి, అమెరికా తూర్పుతీరమునందలి యొక కంపెనీతో స్వతంత్రముగ ఒప్పందము వ్రాసికొని కంప్యూటరు పని చేయుచున్నది. అచ్చట ఉదయము తొమ్మిది గంటలగునప్పుడు శీతకాలమున మనకు రాత్రి యేడున్నర. పని ముగియుసరికి తెల్లవారుజాము మూడున్నర యగును. ఆరు సంవత్సరముల రాత్రులు ఆమెకిట్లు గడచినవి. కూతురు బడికి బయలుదేరు వేళకు తల్లి నిద్రలో నుండును. బిడ్డ యన్నమునకు కూర్చుండు వేళకు తల్లి తలుపు మూసికొని పనికి కూర్చుండును. వేసవి సెలవులలో మా యింటికి వచ్చిన ఆ పిల్ల మా వారితో, “మామయ్యా, మా అమ్మ ఆదివారము మేలుకొనును” అని చెప్పినది. మా వారు బడిపంతులు; పిల్లల మాటలు వినివిని అలవాటుపడినవారు. అయినను ఆ మాటకు వారు బదులు చెప్పలేకపోయిరి.

అమెరికాలో ఉదయము తొమ్మిది గంటలైన ఆ సమయమునకే మాడ్రిడు నగరమున మధ్యాహ్నము మూడు గంటలు. అనగా అదే పనిని అచ్చట చేసినచో రాత్రి పదునొకండు గంటలకు ముగించి నిద్రపోవచ్చును. ఉదయము బిడ్డకు జడ వేసి బడికి పంపవచ్చును. మా ఆడుబిడ్డ కోరిన భాగ్య మింతియే. యూరపు ఖండపు సొగసులు చూడవలెనని ఆమె పోలేదు. రాత్రి నిద్రపోవుటకు పోయినది.

ఈ వీసాకై వా రడుగు పత్రములు తక్కువ కావు. పనిచేయువారికి పట్టా యుండవలెను, లేదా మూడేండ్ల అనుభవ ముండవలెను. పని యిచ్చు కంపెనీ స్పెయినుకు వెలుపలిదై, కనీస మొక సంవత్సరమునుండి నడచుచుండవలెను; దానితో మన సంబంధము మూడు నెలలకు తక్కువ కారాదు. స్వతంత్రముగ పనిచేయువారు స్పెయిను కంపెనీలకును పనిచేయవచ్చును గాని అది మొత్తము పనిలో నూటికి 20 వంతులు మించరాదు. ఇక సంపాదన. స్పెయినులో కూలివానికి చట్టము నిర్ణయించిన కనీసవేతనమునకు రెండింతలు దరఖాస్తుదారునకు ఉండవలెను. భార్య గాని భర్త గాని వెంట వచ్చునెడల ఆ కనీసవేతనములో నూటికి 75 వంతులు, పిమ్మట ఒక్కొక్క బిడ్డకు 25 వంతులు కలుపుదురు. కాగా తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురకును మూడింతలని లెక్క తేలుచున్నది. 2025 లో ఆ వేతనము నెలకు 1,184 యూరోలు. దానిని ఏడాదికి 14 పర్యాయములు ఇత్తురు. పండ్రెండు నెలలకు సర్ది చూచినచో మా ఆడుబిడ్డ చూపవలసిన సంపాదన నెలకు సుమారు నాలుగు లక్షల రూపాయలైనది. ఈ లెక్క ఏటేట మారుచుండును. ఇదికాక ఆరోగ్యభీమా, మన పాస్‌పోర్టు కార్యాలయమువా రిచ్చు పోలీసు ధ్రువపత్రము మొదలైనవి కలవు.

దరఖాస్తు నింపునప్పుడు మా కన్నులు ఒక్కచోట నిలిచిపోయినవి. ముఖ్యురా లామె. ఆమె ననుసరించి పోవువారు భర్తయును, బిడ్డయును. మా పెద్ద ఆడుబిడ్డ 2006 లో భర్తవెంట అమెరికాకు పోయినప్పు డామె కిచ్చిన వీసాకు హెచ్-4 అని పేరు. భర్తకు కొలువు చేయు హక్కు కలదు, ఆమెకు లేదు. ఆమె ఎమ్మెస్సీ పట్టా పెట్టె యడుగున పడియుండెను. 2015 మే నెలనుండి, శాశ్వతనివాసపు దరఖాస్తు కొంతదూరము సాగినవారి భార్యలకు మాత్రము పనికి అనుమతి కోరుకొను వీలు కలిగినది. అప్పటికి ఆమె తొమ్మిదేండ్లు వంటయింటి కిటికీనుండి మంచును చూచుచు గడపినది. అదే కడుపున పుట్టిన చెల్లెలు నేడు తన పేర భర్తను వెంట తీసికొని పోవుచున్నది. స్పెయినులో ఆ భర్తకును పనిచేసికొను అనుమతి కలదు.

“భార్య వెనుక భర్త పోవుటయా?” అని బంధువులలో గుసగుసలు బయలుదేరినవి. అడవికి సీత రాముని వెంట నడచినదని చెప్పువారు, శివుడు హిమగిరియందును, విష్ణువు పాలకడలియందును ఎవరి పుట్టినింట నివసించుచున్నారో మరతురు. మాకు తమ్ముని వరుసైన ఆ బుద్ధిమంతుడు బ్యాంకు ఉద్యోగమునకు రాజీనామా వ్రాయుచు, “వదినా, ఆరేండ్లు ఆమె నిద్ర అమ్మి ఈ యిల్లు నడపినది. నా ఉద్యోగము అంతకంటె విలువైనదా?” అనెను. ఆ పిమ్మట మా యెదుట గుసగుసలు లేవు.

అసలైన చిక్కు సంపాదనవలన రాలేదు, పేరువలన వచ్చినది. కళాశాల పట్టాలో ఆమె పేరు పుట్టినింటి పేరుతో నున్నది. పాస్‌పోర్టులో మెట్టినింటి పేరున్నది. అమెరికావారి ఒప్పందపత్రములో ఇంటిపేరు పొడియక్షరమై చివరకు పోయినది. బిడ్డ జననపత్రములో తల్లి పేరని వ్రాసినది ఇంట్లో పిలుచుకొను ముద్దుపేరు. ఆసుపత్రిలో అడిగినవారికి పెద్దలలో నెవరో అలవాటుకొలది ఆ పేరు చెప్పిరట. నాలుగు కాగితములందు నలుగురు స్త్రీలు! ఎక్కడనో కూర్చుండి ఆ కాగితములను చూచు పరదేశపు టధికారికి ఈ నలుగురును ఒక్కతెయే యని తెలియు టెట్లు? ఇక వివాహపత్రము అసలే లేదు. వివాహములను విధిగా నమోదు చేయవలెనని 2002 లోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టము చేసినది. కాని తాళి కట్టుటకు సాక్షులైన మూడువందలమందిలో ఒక్కరికైన ఆ కార్యాలయము గుర్తుకురాలేదు.

ఈ పేరుల నన్నిటిని ఒక్కటి చేయుటకు నాలుగు నెలలు పట్టినది. ఎనిమిదేండ్ల వెనుకటి పెండ్లిని నమోదు చేయించి, జననపత్రమును సవరింపించి, ఈ పేరులన్నియు నావేయని ప్రమాణపత్రము వ్రాసి, పిమ్మట ఆ కాగితములపై అపోస్టిల్ ముద్ర వేయింపవలసివచ్చినది. ఒక దేశపు ప్రభుత్వపత్రమును మరియొక దేశమువారు నమ్ముటకు వేయు ముద్ర యిది. మనదేశము ఈ యొడంబడికలో 2005 లో చేరినది; మన విదేశాంగశాఖవారు దీనిని వేయుదురు. పట్టాలకైనచో ముందుగ రాష్ట్రప్రభుత్వమువారి ధ్రువీకరణము కావలెను. అటుపిమ్మట అధికారముగల అనువాదకునిచే స్పానిషు భాషలోనికి మార్పింపవలెను. ఇన్నియు చేసి పంపినను, దూరదేశమునుండి పనిచేయుటకు కంపెనీవారి స్పష్టమైన సమ్మతి లేదని కార్యాలయమువారు మరల లేఖ పంపిరి. ఆ సమ్మతి వచ్చువరకు మా ఆడుబిడ్డ ముఖమున రక్తము లేదు. భర్త యప్పటికే కొలువు విడిచియుండెను.

ఆ దినములలోనే ఒక సాయంకాలము మా హాలులో కాగితము లన్నియు చాపమీద పరచి వరుసగ పేర్చుచుంటిమి. మా ఆడుబిడ్డ అత్తగారు మోకాళ్ల నొప్పులచే కుర్చీలో కూర్చుండి చూచుచుండిరి. కోడలి ప్రయాణము వారికి మొదటినుండియు సమ్మతము కాదు. తమ్ము పెద్దకొడుకు ఇంటికి పంపుదురని వారికి తెలియును; మనుమరాలిని విడిచియుండుట వారికి మరింత కష్టము. చాలసేపు మాటలాడక, పిమ్మట, “ఇవన్నియు దాని పేరనే యున్నవా?” అని అడిగిరి. అవునంటిమి. “నా పేర ఈ లోకములో నేమున్నది? ఒక్క రేషను కార్డు. అందులోను పేరు తప్పే” అనిరి. మరికొంతసేపటికి, “పోనీ, పోయి రండి. పిల్లను మాత్రము ప్రతి ఉదయము నాకు ఫోనులో చూపుడు. అప్పటికి దాని తల్లి మేలుకొనియే యుండును గదా” అనిరి. మా ఆడుబిడ్డ లేచిపోయి ఆమె పాదములకడ కూర్చుండినది. మేము కాగితములు సర్దుచున్నట్లు నటించితిమి.

కంపెనీవారి సమ్మతి లేఖ వచ్చినది. కొలది వారములకు వీసాయును వచ్చినది. మనదేశమునుండి కోరినవారికి దీని నొక సంవత్సరమునకు మించకుండ ఇత్తురు. పిమ్మట అచ్చటనే నివాసానుమతి కోరుకొనవలెను. ఇప్పుడా పిల్ల అచ్చటి బడిలో చదువుచున్నది. ఆ దేశపు ఆచార మొకటి మా ఆడుబిడ్డ వ్రాయగా మాకు వింతగ తోచినది. అచ్చట ప్రతివారికిని రెండు ఇంటిపేరులట: ఒకటి తండ్రివైపుది, ఒకటి తల్లివైపుది. పెండ్లియైనను స్త్రీ తన పేరు మార్చుకొనదు. పుట్టినప్పుడు వ్రాసిన పేరే తుదివరకు నిలుచును. మేము నాలుగు నెలలు పడిన యాతన వారికి చెప్పినను తెలియదేమో!

ఈ వీసా అందరకును కాదు. ఆ సంపాదన గలవారు కొందరే. దేశ మెంచుకొనుటయందును జాగ్రత్త వలయును: జపాను దేశము 2024 లో ఇట్టి వీసా నారంభించినది గాని, వారెంచిన దేశముల పట్టికలో మన దేశము లేదు. స్పెయినులో ఏడాదికి 183 దినములకు మించి యున్నవారు అచ్చటి పన్నునకు లోబడుదురు. ఒకే రాబడికి రెండుచోట్ల పన్ను పడకుండ ఇరుదేశములకు ఒప్పందము కలదు గాన, తెలిసినవారి నడిగి లెక్కలు సరిచూచుకొనవలెను. ఇంట విడిచిపోవు పెద్దల సంగతి యే వీసా దరఖాస్తును అడుగదు. దానిని మనమే అడుగుకొనవలెను.

కాని సోదరీమణులారా, పరదేశమునకు పోయినను పోకున్నను మన కందరకు చెందిన పని యొకటి కలదు. మీ పట్టా, మీ పాస్‌పోర్టు, మీ ఆధారు, మీ బ్యాంకు పుస్తకము నొక్కచోట పెట్టి అన్నిటియందును మీ పేరు ఒక్కరీతిగ నున్నదేమో చూడుడు. పెండ్లికాగానే పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చితీరవలెనను నిర్బంధము మనదేశమున లేదు; మార్చుకొనదలచినవారు అన్నిచోట్ల మార్చుకొనుడు. వివాహమును నమోదు చేయింపుడు. బిడ్డ పుట్టినప్పుడు జననపత్రమునందు మీ పూర్తిపేరు మీరే స్వయముగ చెప్పి వ్రాయింపుడు. ఇంట వృద్ధురాలైన అత్తగారున్నచో వారి రేషను కార్డును తీసి చూచి, పేరు తప్పైనచో దిద్దింపుడు. మేము మొన్ననే మా అత్తగారి కార్డును దిద్దించి తెచ్చితిమి. వారు కండ్లజోడు పెట్టుకొని, అక్షరము లొక్కొక్కటిగ కూడబలుకుకొని చదివి, కార్డును తమ తలగడక్రింద దాచుకొనిరి.