వేళ్లు తెల్లబడని ఊళ్లో

కర్నూలు నుంచి గుంటూరు పోయే రోడ్డు నందికొట్కూరు దాటి ఆత్మకూరు చేరేసరికి నల్లమల కొండలు అడ్డం నిలబడతాయి. ఇక్కణ్నుంచి దోర్నాల దాకా అడవే. 2022 ఏప్రిల్ నుంచి ఊరు నంద్యాల జిల్లా కింద ఉంది గానీ, జనం నోట ఇంకా కర్నూలు జిల్లానే. ఇంటికి పునాది తీసినా, మురికికాలువ తవ్వినా, నీళ్ల పైపు వేసినా ఎక్కడో ఒకచోట రాయి తగిలి గడ్డపార ఖంగుమంటుంది. అక్కణ్నుంచి పని మిషన్‌ది. ఆ మిషన్ పట్టుకునే చేతుల సంగతి తెలుసుకోవాలని వచ్చాను.

బజారు వెనక ఒక వీధిలో పాత సిమెంటు రోడ్డు పగలగొట్టి పైపు వేస్తున్నారు. ట్రాక్టరుకు కట్టిన కంప్రెషర్, దాన్నుంచి లావుపాటి రబ్బరు గొట్టం, గొట్టం చివర బ్రేకర్. పట్టుకున్నాయనకు నలభై లోపే వయసు. భుజాలు, చెంపలు, చెవి తమ్మెలు కూడా అదురుతున్నాయి. పక్కన ముక్కలు ఏరే కుర్రవాడు, గంపతో ఇద్దరాడవాళ్లు. చప్పుడు ఆగేదాకా నిలబడి, టీ తాగుదాం రమ్మన్నాను.

"పనయినాక చేతులు ఎట్లుంటాయన్నా?"

"జుమ్మంటాయి సార్. ముందు రాత్రి అన్నం తినే యాలకు తగ్గిపోతుండె. ఇప్పుడు తెల్లారినా ఉంటాది."

"వేళ్లు ఎప్పుడన్నా తెల్లగా పాలిపోయినాయా?"

"లేదు సార్. అట్లాంటిది యాడా చూళ్యా."

ఆ జవాబు కోసమే అడిగాను. మిషన్ అదురు వల్ల చేతులకొచ్చే ఈ జబ్బు గురించి ప్రపంచం చాలావరకు చలిదేశాల్లోనే నేర్చుకుంది. గాలి ఒత్తిడితో నడిచే పనిముట్లు వాడే ఇటలీ గని కార్మికుల వేళ్లలో రక్తనాళాలు బిగుసుకుపోతున్నాయని లోరిగా అనే వైద్యుడు 1911లో రాశాడు. 1918లో అమెరికాలో ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్ వెళ్లి, సున్నపురాయి చెక్కే వాళ్ల చేతులు పరీక్షించింది. చలి ఉదయాల్లో వాళ్ల వేళ్లు ఒక గీత గీసినట్టు తెల్లగా చచ్చుబడేవి. తర్వాత ఈ జబ్బుకు 'తెల్లవేళ్లు' అనే పేరు స్థిరపడింది. బెడ్‌ఫర్డ్‌లోనూ సున్నపురాయే, ఇక్కడి బనగానపల్లె, అవుకు నాపరాయీ సున్నపురాయే. తేడా ఎండలో ఉంది. వెచ్చటి దేశాల్లో, ముఖ్యంగా మలేసియా నిర్మాణ కార్మికుల మీద జరిగిన పరిశోధనల్లో తెల్లవేళ్లు దాదాపు కనపడలేదు. తిమ్మిరి, మొద్దుబారడం, పట్టు తగ్గడం మాత్రం దండిగా కనపడ్డాయి. చలి తోడైతే రక్తనాళం మూసుకుపోయి తెల్లదనం బయటపడుతుంది. ఎండలో ఆ గుర్తు దాగిపోతుంది, నరం మాత్రం అట్లాగే దెబ్బతింటూ పోతుంది. పని మానేస్తే రక్తనాళాలు కొంత కోలుకోవచ్చు. చచ్చిన స్పర్శ తిరిగి రావడం కష్టం. కాబట్టి రాయలసీమలో వేళ్లు తెల్లబడ్డాయా అని అడిగి, లేదంటే సరేనని పంపేస్తే, జబ్బున్న మనిషిని జబ్బు లేదని పంపినట్టే.

మరి ఏమడగాలో మిషన్ పట్టుకున్నాయనే చెప్పాడు. చొక్కా గుండీలు ఇంటామె పెడుతోందట. బీడీ ముట్టించడానికి అగ్గిపుల్ల పట్టుకుంటే జారిపోతోందట. పెనం మీది జొన్నరొట్టె తీస్తే వేడి వెంటనే తెలియక రెండుసార్లు వేళ్లు కాలాయట. జేబులో చెయ్యిపెట్టి, చూడకుండా రూపాయి బిళ్లేదో అయిదు రూపాయల బిళ్లేదో తీయమన్నాను. ముక్కలేరే కుర్రవాడు చిటికెలో తీశాడు. ఆయన జేబులో చాలాసేపు తడిమి, చివరికి చిల్లరంతా అరచేతిలోకి తీసి కళ్లతో చూసి ఇచ్చాడు. ఇది డాక్టరు చేసే పరీక్ష కాదు. కానీ పొద్దున పనిలోకి దిగేముందు ఏ మేస్త్రీ అయినా చేయించగలిగిన పని.

నరాల బలహీనతని ఎవరో చెబితే బలానికి మాత్రలు మింగుతున్నాడు. షుగరు చూపించుకున్నాడు, లేదన్నారు. షుగరు తిమ్మిరి సాధారణంగా పాదాల్లో మొదలవుతుంది, ఈయనది వేళ్లలోనే ఉంది. ఏం పని చేస్తావని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదన్నాడు. రోగిని నీ వృత్తేమిటని కూడా అడగమని ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే పుస్తకం రాసి మరీ చెప్పాడు. మూడు వందల ఏళ్లు దాటినా ఆ ఒక్క ప్రశ్న ఈ వీధి దాకా రాకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఇక్కడ పని చేయిస్తున్న మేస్త్రీ మంచివాడే. "గ్లౌజులు తెప్పిస్తా సార్, అదురు ఆపేటివి వస్తాయంట గదా" అన్నాడు. వస్తాయి. అయితే బ్రేకర్ దెబ్బ నిదానంగా, బరువుగా పడే దెబ్బ. ఆ గ్లౌజులు సన్నటి వేగమైన అదురును కొంత తగ్గిస్తాయి తప్ప ఇట్లాంటి దెబ్బను ఆపలేవు. దళసరి గ్లౌజు వల్ల మనిషి పిడిని ఇంకా గట్టిగా పట్టుకునే ప్రమాదమూ ఉంది. పట్టు బిగిసే కొద్దీ అదురు చేతిలోకి ఎక్కువగా ఎక్కుతుంది. గీతలు పడకుండా గ్లౌజులు ఉండాల్సిందే. అదురుకు మందు మాత్రం అవి కావు.

అసలు మందు సమయం. అదురు తీవ్రతను సెకను స్క్వేర్‌కు మీటర్లలో కొలుస్తారు. యూరప్ 2002లో రెండు గీతలు గీసింది: ఎనిమిది గంటల పనిదినానికి లెక్కగట్టి 2.5 దాటితే జాగ్రత్తలు మొదలుపెట్టాలి, 5 దాటనే కూడదు. బ్రిటన్ 2005లో అదే చట్టం చేసింది. అక్కడి ఆరోగ్య భద్రతా సంస్థ పట్టిక ప్రకారం రోడ్డు బ్రేకర్ అదురు మామూలుగా 12. మంచి మిషన్, మంచి పని, నేర్చిన చెయ్యి అయితే 5. అరిగిపోయిన మిషనైతే 20. అదురు రెండింతలైతే పట్టుకోదగ్గ సమయం నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే 5 ఉన్న మిషన్‌తో ఎనిమిది గంటలకు గానీ హద్దు చేరరు. 12 ఉన్నదానితో సుమారు గంటా ఇరవై నిమిషాలకే చేరతారు. 20 ఉన్నదానితో అరగంటకే. ఈ నిమిషాలు మిషన్ ట్రిగ్గర్ నొక్కి ఉన్నంతసేపటివే, టీ తాగిన సేపు లెక్కలోకి రాదు. నేను ఫోనులో గడియారం పెట్టుకుని చూశాను. గంటలో సగానికి పైగానే ట్రిగ్గర్ నొక్కి ఉంది. అట్లా పొద్దున్నుంచి మాపు దాకా.

ఈ లెక్క చెబితే మేస్త్రీ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అసలు చిక్కు విప్పాడు. మిషన్ అద్దె రోజుకింత, అది ఆగితే నష్టం. పట్టుకునే మనిషికి కూలి ఎక్కువ, ముక్కలేరేవాడికి తక్కువ. "మార్చి మార్చి పట్టుకోమంటే ఆయప్పే ఒప్పుకోడు సార్, కూలి తగ్గుతాదని." ఆపరేటర్ తలూపాడు. ఇద్దరికీ మిషన్ కూలే ఇచ్చి, ఇరవై నిమిషాలకోసారి చేతులు మార్చుకోమంటే మిషన్ ఆగదు, అదురు ఇద్దరికీ పంచబడుతుంది. ఖర్చు ఒక మనిషి కూలి తేడా. ఆ తేడా ఎవరు భరించాలన్నదే ప్రశ్న. మేస్త్రీ జేబులోంచే ఇమ్మనడం న్యాయం కాదు. పని ఇచ్చినవాళ్ల ఎస్టిమేట్‌లోనే ఆ వరుస ఉండాలి.

కూలితో సంబంధం లేకుండా రేపట్నుంచే చేయగలిగినవీ ఉన్నాయి. బ్రేకర్ ఉలి చూశాను, మొన బొటనవేలంత మొద్దుగా ఉంది. మొద్దు ఉలి రాతిలోకి దిగదు, దెబ్బంతా వెనక్కి చేతుల్లోకే వస్తుంది. కమ్మరి కొలిమిలో సాగదీయించుకుని, రెండో ఉలి చేతికందేలా పెట్టుకుంటే పనీ తొందరగా తెగుతుంది. మిషన్ బరువునే పని చేయనిచ్చి, పిడిని పడకుండా పట్టుకుంటే చాలు, అదిమి నొక్కక్కర్లేదు. డ్రిల్లుతో బొక్క కొట్టేటప్పుడు రాడ్డును చేత్తో పట్టుకునే అలవాటు పూర్తిగా మానాలి. బీడీ రక్తనాళాలను ముడుస్తుంది, ఈ పని చేసే చేతికి అది రెండో దెబ్బ. ఆ మాట వినగానే ఆయన చెవి మీది బీడీ తీసి జేబులో పెట్టుకున్నాడు.

చట్టం మాటకొస్తే, భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసి 2025 దాకా నడిచిన కేంద్ర చట్టం కింద 1998లో వచ్చిన నియమాల్లో 34వది శబ్దం గురించి, అదురు గురించి కలిపే చెప్పింది. రెండింటి కీడు నుంచీ కార్మికుణ్ని కాపాడాలంది. శబ్దానికి ఇన్ని డెసిబెల్స్ అని అంకెలిచ్చింది. అదురుకు అంకె ఇవ్వలేదు. అంకె లేనిదాన్ని ఇన్‌స్పెక్టర్ ఏం కొలుస్తాడు, ఇంజినీరు ఎస్టిమేట్‌లో ఏమని రాస్తాడు? 2.5, 5 అన్న రెండు అంకెలు మన నియమాల్లోకి రావాలని నేను ఈ ఊరి నుంచి అడుగుతున్నాను.

నేను బయల్దేరే ముందు మేస్త్రీ కుర్రవాణ్ని పిలిచి మిషన్ పట్టుకోమన్నాడు. "ఈ వారం నీకూ మిషన్ కూలే. లెక్క నేను కాంట్రాక్టరుతో మాట్లాడుకుంటా" అన్నాడు. ఆపరేటర్ గంప అందుకుంటూ, గట్టిగా అదమొద్దని కుర్రవాడికి చెబుతున్నాడు.