పచ్చాకు గుడిసె

మా జలదంకి యానాది కాలనీలో పదో తరగతి దాటిన ఆడవాళ్లం ముగ్గురమే. ఎవరింట్లో కాగితం నింపాలన్నా, బ్యాంకుకు పోవాలన్నా, హాస్టలు నుంచి ఫోనొచ్చినా మమ్మల్నే పిలుస్తారు. పోయిన ఏడు సంక్రాంతి సెలవులై వారం తిరక్కుండానే అట్టాంటి ఫోనొకటి వచ్చింది. ఎనిమిదో తరగతి చదివే మా పాప పెద్దమనిషి అయింది, వచ్చి తీసుకుపొమ్మన్నారు.

ఫోను పెట్టేసేసరికే మాకు దిగులు పట్టుకుంది. మా కాలనీలో ఆడపిల్ల చదువు ఎక్కువగా ఆగిపోయేది ఆ పది రోజుల్లోనే. ఎవరూ ఆపాలని ఆపరు. మేనమామ పచ్చాకు గుడిసె కడతాడు, పదో నాడు నీళ్లు పోస్తారు. అక్కడిదాకా మా పద్ధతే, పెద్ద ఖర్చు లేనిదే. ఈ పదిహేను ఇరవై ఏళ్లలో దానికి షామియానా, మైకు సెట్టు, పిల్ల ఫొటో వేసిన ఫ్లెక్సీ తోడయ్యాయి. రైతుల ఇళ్లలో చూసి మేమూ నేర్చుకున్నాం. ఆ డబ్బులిచ్చేది ఇటుక బట్టీ మేస్త్రీ. అడ్వాన్సు తీసుకున్నాక ఇంటిల్లిపాదీ బట్టీకి పోవాలి, వానలు పడేదాకా అక్కడే. ఈడొచ్చిన పిల్లని అంతదూరంలో వదిలి పోవడానికి తల్లికి మనసొప్పదు, పిల్లనీ వెంటబెట్టుకుపోతుంది. జూన్‌లో బడి తెరిచేనాటికి ఆ పిల్ల చేతులు కాయలు కాచి ఉంటాయి, కింది తరగతి పిల్లల పక్కన కూర్చోవాలంటే సిగ్గు.

మా ముగ్గురిలో ఒకరికి అట్టానే రెండేళ్లు పోయాయి. అప్పటికి ఫ్లెక్సీలు రాలేదు, మైకు మాత్రం పెట్టారు. ఆ రోజు మైకులో ఏయే పాటలు వేశారో ఆమె ఇప్పటికీ వరసగా చెబుతుంది. ఆ ఏడు బళ్లో ఏ పాఠాలు చెప్పారో చెప్పలేదు.

మేము పోయేసరికే పాప నాయన ఇరవై వేలు తీసుకుని ఉన్నాడు.

"ఒక్కగానొక్క బిడ్డ మేయ్. నలుగురిలో చెయ్యకుంటే ఎట్టా? యానాదోడికి ముచ్చటుండకూడదా?" అన్నాడు.

మాకు నోట మాట రాలేదు. ముచ్చట వద్దని మేమెట్టా అంటాం? పై నుంచి ఎవరైనా వచ్చి మా పండగలు దండగ అని చెబితే మాకే ఒళ్లు మండుతుంది. ఆడపిల్ల పుట్టిందని మా ఇళ్లలో ఏడ్చేవాళ్లు లేరు. పెద్దమనిషి అయితే సంతోషపడతాం. ఆ సంతోషమే అప్పవుతోంది, అదీ మా బాధ.

మాట నిలబెట్టింది పాప జేజి. ఆమె అరుగు మీద కూర్చుని ఆకు నములుతూ, "వాళ్ల జేజమ్మకి ఏ మైకు పెట్టార్రా?" అంది. ఆమె తల్లి కథ మాకందరికీ తెలుసు. బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్ప సెటిల్మెంటులో పెరిగిన మనిషి. మా జాతిని నేరస్త జాతుల చట్టం కింద పెట్టిన రోజులవి. పేరు పిలిస్తే పలకాలి, పలక్కపోతే పారిపోయినట్టే లెక్క. వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటి వాళ్లు మా తరఫున ఏళ్ల తరబడి కొట్లాడారు. చివరికి 1952లో ఆ చట్టం పోయింది. ఆ సెటిల్మెంటులో కూడా, చేతికి దొరికిన కొమ్మలతోనే, మేనమామ ఆమెకి గుడిసె కట్టాడంట. "ఆ గుడిసె కంటే పెద్ద పండగా నీ ఫ్లెక్సీ?" అంది జేజి. కొడుకు ఏమీ అనలేదు. అట్టాగని ఒప్పుకోనూ లేదు.

ఆ రాత్రి మేము కూర్చుని అనుకున్నాం. పది రోజులు పిల్ల ఎటూ పోదు. కాలనీలో ఆడపిల్లలంతా ఆ గుడిసె దగ్గరకే చేరతారు. అది రాత్రి బడి లాగే కదా. మాకు పక్కనే కలిగిరి మండలం దూబగుంట. 1990ల మొదట్లో అక్షరదీపం రాత్రి బళ్లలో 'సీతమ్మ కథ' పాఠం చదివిన ఆడవాళ్లే అక్కడ సారా అంగడి మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు మా తట్టు పసిపిల్లలకీ తెలుసు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. మా అమ్మలు వేలిముద్ర మాని సంతకం నేర్చింది కూడా ఆ బళ్లలోనే. సంతకం మరిచిపోయిన వాళ్లున్నారు గానీ, ఆ కథ మరిచిపోయిన వాళ్లు లేరు.

మేనమామ నేరేడు, కానుగ కొమ్మలు తెచ్చి పైన తాటాకు కప్పాడు. తల్లి చిమ్మిలి దంచింది. సాయంత్రాలు జేజి చెట్ల ఆకులు ఒడిలో పోసుకుని వచ్చేది. నేలవేము, ఉత్తరేణి, తెల్ల ఈశ్వరి. ఏది దేనికి, ఎంత మోతాదు, ఏది తప్పితే ప్రాణం మీదకొస్తుంది, అన్నీ చెప్పేది. పాప లోపల కూర్చుని నోటు పుస్తకంలో ఆకు అంచు చుట్టూ పెన్సిలు తిప్పి పక్కన పేరు రాసేది. మాకు తెలియని ఆకులే సగం. పదో తరగతి దాటామని మా ముగ్గురికీ కొంచెం గర్వముండేది. ఆ వారంలో అది దిగింది.

మధ్యలో జనవరి 24 వచ్చింది. 2008 నుంచి దాన్ని జాతీయ బాలికా దినోత్సవంగా జరుపుతున్నారు, బళ్లలో బొమ్మల పోటీలు పెడతారు. అంతకు ముందేడు ఒక బడిలో మా పిల్ల ఒకతె పొగకుండ ఊదుతూ ఎలుక బొక్క దగ్గర కూర్చున్న అవ్వ బొమ్మ వేస్తే, ఇదేం బొమ్మ, తెల్లకోటు డాక్టరమ్మని వెయ్యమన్నారంట. ఆ బొమ్మే మళ్లీ వేయించి గుడిసె గడపకి కట్టాం. అవ్వ వచ్చి చూసుకుని, "ముక్కు నాది కాదు" అని పోయింది.

పెద్ద గొడవ ఊత దగ్గర వచ్చింది. చేపలు పట్టే ఊత అల్లడం మా కాలనీలో మగవాళ్ల పని. పాప నాకూ నేర్పమంది. నాయన గుడిసె దరిదాపులకు రాకూడదు, అంటు. రెండు రోజులు అరుచుకున్నారు. జేజే తీర్పు చెప్పింది: "వెదురుకి అంటేందిరా?" అంతే, ఆయన ఇవతల కూర్చుని పుల్లలు చీల్చి లోపలికి తోశాడు, పాప లోపల అల్లింది. తప్పు కడితే బయట నుంచే కసిరేవాడు. అంతసేపు తండ్రీ కూతుళ్లు మాట్లాడుకోవడం మేము అంతకు ముందు చూడలేదు. ఆమె ఏం చదువుతుందో, లెక్కలెందుకు కష్టమో, హాస్టల్లో ఎవరితో పడదో, అన్నీ ఆ వెదురు పుల్లల మధ్యే ఆయనకు తెలిశాయి.

ఎనిమిదో రోజు పొద్దున ఆయన మా దగ్గరకొచ్చి పదిహేను వేలు లెక్కపెట్టమన్నాడు. మిగతా ఐదు వేలు మైకు వాడికి, ఫ్లెక్సీ వాడికి ముందే పోయాయి, తిరిగి రాలేదు. ఆ ఐదు వేలకి ఆయనొక్కడే బట్టీకి పోయి వచ్చాడు. తల్లి ఇంటి దగ్గరే ఉంది.

పదో నాడు నీళ్లు పోశాక గుడిసె పీకి కాల్చారు. ఉంచుకోవచ్చుగా అని పాప అడిగితే, "ఉంచితే మీ మామ నీ చెల్లెళ్లకి కట్టడు మే, ఇందులోనే కూర్చోమంటాడు" అని అత్త నవ్వింది. పన్నెండో నాడు మేమే కావలి బస్సెక్కించి హాస్టల్లో దింపి వచ్చాం.

అదే నెలలో మా వెనక వరస ఇంట్లో ఇంకో పిల్ల పెద్దమనిషి అయింది. మేము పోయి అన్నీ చెప్పాం, పాప నోటు పుస్తకం కూడా చూపించాం. వాళ్లు ఫ్లెక్సీ వేశారు. జూన్ దాటినా ఇంటికి తాళమే ఉంది. వాళ్ల మేస్త్రీ ఫోను నెంబరు సంపాదించి వారానికోసారి చేస్తున్నాం. ఒకసారి ఆ పిల్లే ఎత్తింది. బడి గురించి అడగలేదు. ఊత అల్లడం ఆడవాళ్లకు నిజంగా నేర్పారా అని అడిగింది.

పాప అల్లిన ఊత మా అంగన్‌వాడీ గోడకి వేలాడుతోంది. అడుగున రెండు పుల్లలు వదులు. అందులో చేప నిలవదని వాళ్ల నాయన వచ్చినప్పుడల్లా అంటాడు, బాగు మాత్రం చెయ్యడు. సెలవుల్లో అదే వచ్చి చేసుకుంటుందిలే అంటాడు.