సిర్ర, పుల్ల, మిడి వైరు

పాత కీబోర్డులు, శాంప్లర్లు, అటారి కంప్యూటర్లు కొని, బాగుచేసి, అమ్మడం నా బతుకుదెరువు. హైదరాబాదు యూసఫ్‌గూడలో రెండు గదుల ఇల్లు. అందులో ఒక గది నిండా ఇవే. కొనడానికొచ్చినవాళ్లు సామాను చూశాక తప్పకుండా ఒక మాట అడుగుతారు. "మీ నాన్నగారిది కూడా సంగీతమేనాండీ?" అవునండీ, సంగీతమే అంటాను. "ఏం వాయించేవారు?" డప్పు అంటాను. కాసేపు మాట ఆగిపోతుంది. కొందరు గోడ మీద అంబేద్కర్ పటాన్ని అప్పుడే చూసినట్టు చూస్తారు. ఇంటిపేరు అడిగి, ఏ జిల్లా అని అడిగి, చుట్టూ తిరిగొచ్చే ప్రశ్నకి నేనే ఎదురుపోతాను. మాదిగోళ్లమండీ, ప్రకాశం జిల్లా. ఇక బేరం మాట్టాడుకుందాం.

మా ఊళ్లో డప్పు ఇష్టపడి కొట్టేది కాదు. పీనుగ లేస్తే ముందు నడవాలి. తిరనాళ్లకి కొట్టాలి, పీర్ల పండక్కి కొట్టాలి, పన్ను కట్టమని పైనుంచి కబురొస్తే వీధి వీధీ తిరిగి చాటింపెయ్యాలి. కూలి అంటూ లేదు. నూర్పిళ్లప్పుడు కళ్లం దగ్గర చేతులు కట్టుకుని నిలబడితే రెండు చేటల గింజలు, పండక్కి ఓ పాత పంచె. మా నాన్న మేకతోలు నానబెట్టి, బొచ్చు తీసి, చింతగింజల జిగురు పెట్టి చెక్క చట్రానికి బిగించేవాడు. ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో సన్నటి పుల్ల. కొట్టబోయే ముందు గడ్డి మంటేసి డప్పు కాచేవాడు. కాగితేగానీ తోలు బిగవదు. ఎవరన్నా తొందరపెడితే "కాగనీయండయ్యా, పచ్చి డప్పు బూతులు మాట్టాడుద్ది" అనేవాడు. నాకు తెలిసి ఊరివాళ్లకి ఆయన ఎదురు చెప్పిన మాట అదొక్కటే.

1985లో కారంచేడు జరిగినప్పుడు నేను పదో తరగతి. అదే ఏడాది అమెరికాలో అటారి వాళ్లు 520 ఎస్‌టి అనే ఇంటి కంప్యూటరు తెచ్చారని, మిడి వైర్లు గుచ్చుకునే రంధ్రాలు దానికి కంపెనీలోనే పెట్టిచ్చారని నాకు చాలా ఏళ్లకి గాని తెలియలేదు.

మా పెద్దక్క కువైట్‌లో వంటపనికి పోయింది. 1989లో సెలవుకి వస్తా కాసియో ఎస్‌కె-1 తెచ్చింది. ఆ ఇంటి పిల్లలు ఆడుకుని విసిగి పారేశారంట. ముప్ఫై రెండు చిన్న మీటలు, లోపలే ఒక మైకు. ఏదన్నా చప్పుడు వినిపిస్తే ఒకటిన్నర సెకను లోపు పట్టుకుని దాన్నే స్వరాలుగా పలికిస్తది. మా బాబాయి దాని ముందు దగ్గాడు. ఆ దగ్గుతో నేను క్రిస్మస్ పాట వాయిస్తే గూడెం గూడెమంతా పడీపడీ నవ్వింది. తరవాత నాన్న డప్పు మీద ఒక్క దెబ్బ వేశాడు. పెట్టె పట్టుకుందిగానీ కిరసనాయిలు డబ్బా మీద కొట్టినట్టు పలికింది. ఎనిమిది బిట్ల పెట్టె, అంతకన్నా దానికి చేతకాదు. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "దీనికి కాక తగల్లేదురా అబ్బాయా" అన్నాడు.

హార్మోనియం చర్చిలో నేర్చుకున్నాను. గుళ్లోకి మమ్మల్ని రానియ్యలేదు, చర్చిలోకి మా డప్పుని రానియ్యలేదు. విగ్రహాల ముందు మోగిందని మా పాస్టరుగారు ఒప్పుకునేవాడు కాదు. 1994లో మా జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలై, డప్పు చంకకేసుకుని రోడ్డు మీద నడవడం పరువయ్యాక మా చర్చిలో ఆ పట్టు మెల్లిగా సడలింది.

1991లో మద్రాసు పోయాను. కోడంబాకంలో ఒక స్టూడియోలో వైర్లు చుట్టే కుర్రాడి పని. ఆ మరుసటేడు 'రోజా' వచ్చింది. ఇక ప్రతి సంగీత దర్శకుడికీ కంప్యూటరు తెలిసినవాడు కావాల్సొచ్చింది. మా స్టూడియోలో అటారి 1040 ఎస్‌టి ఉండేది. నలుపు తెలుపు తెర, ఒక్క మెగాబైటు మెమరీ, హార్డ్ డిస్కు లేదు. పక్కనే యమహా డిఎక్స్7, కోర్గ్ ఎం1, కింద ఇనప రాకులో అకాయ్ ఎస్1000. రాత్రి అందరూ పోయాక ఇంగ్లీషు మాన్యువల్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. అర్థంకాని మాట దగ్గర పెన్సిల్ గీత, పొద్దున్నే డిక్షనరీ. వీణో వయొలినో నేర్చుకోవాలంటే ఎవరో ఒకరి గడప ఎక్కాలి, వాళ్లు ఎక్కనియ్యాలి. మాన్యువల్‌కి గడప లేదు. రెండేళ్లలో నన్ను ప్రోగ్రామర్ అని పిలవడం మొదలెట్టారు.

మిడి అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఆ వైరులో చప్పుడు పోదు, అంకెలు పోతాయి. మీట నొక్కితే మూడు బైట్లు. ఏ చానెల్లో ఏం జరిగింది అనేది ఒకటి, ఏ మీట అనేది రెండు, ఎంత గట్టిగా అనేది మూడు. ఆ గట్టితనం 127 దాకా. సున్నా అయితే మోత ఆపమని అర్థం. సెకనుకి 31,250 బిట్లు, పదహారు చానెళ్లు. నొక్కిందెవరు అనే బైటు లేదు. అమెరికాలో డేవ్ స్మిత్, జపానులో ఇకుతారో కకెహాషి దీనికి పూనుకున్నారు. 1983లో స్మిత్ కంపెనీ ప్రాఫెట్ 600నీ, కకెహాషి కంపెనీ రోలాండ్ జూపిటర్ 6నీ ఒక వైరుతో కలిపి అందరి ముందూ వాయించి చూపించారు. ఒకరికొకరు పోటీగా సరుకమ్మే కంపెనీలు అవి. 2013లో ఆ ఇద్దరికీ గ్రామీ వాళ్లు టెక్నికల్ అవార్డు ఇచ్చారు. ఇప్పుడు ఇద్దరూ లేరు.

బాగుచేసేవాడికి మాత్రమే కనపడే సంగతి ఇంకోటుంది. మిడి ఇన్ అని రాసున్న రంధ్రం వెనక చిన్న ఐసి ఉంటది, ఆప్టోకప్లర్ అంటారు. ఈ పెట్టె కరెంటు ఆ పెట్టెకి తగలదు. ఇవతల చిన్న దీపం వెలిగి ఆరుతుంది, అవతల ఒక కన్ను ఆ వెలుగుని చదువుకుంటది. మధ్యలో ఖాళీ. గుయ్యిమనే రొద ఒక పెట్టెలోంచి ఇంకోదాంట్లోకి పాకకుండా పెట్టిన ఏర్పాటు. మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు మా ఊరి మంచినీళ్ల బావి గుర్తొచ్చింది. మేం దోసిలి పట్టి కిందుంటే పైనుంచి నీళ్లు పోసేవాళ్లు. అంటుకోకుండా అందించడం కనిపెట్టడానికి మా ఊరివాళ్లకి జపాను దాకా పోవాల్సిన పనిలేకపోయింది. ఆ ఐసి పోతే 6ఎన్138 అని కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. నేను చాలా మార్చాను.

1991లో జనరల్ మిడి అని ఒక ఒప్పందం వచ్చింది. ఏ కంపెనీ పెట్టెలోనైనా ఒకే అంకెకి ఒకే వాద్యం పలకాలని 128 పేర్ల పట్టిక వేశారు. నేను మొదట రోలాండ్ సౌండ్ కాన్వాస్ ఎస్‌సి-55లో దాన్ని చూశాను. 105 సితార్. 108 జపాను కోటో. 110 స్కాట్లండు వాళ్ల తిత్తిబూర. 112 షెహనాయి. 115 కరీబియన్ స్టీల్ డ్రమ్ము. 117 జపాను వాళ్ల తైకో, అదీ తోలు వాద్యమే, కర్రలతో కొట్టేదే. డప్పు కోసం కింది దాకా వెతికాను. చివర్న 125 టెలిఫోన్ మోత, 126 హెలికాప్టర్, 127 చప్పట్లు, 128 తుపాకి పేలుడు. మృదంగం లేదు, తబలా లేదు, అది నిజమే. కానీ తబలాకి అడిగేవాళ్లున్నారు, తరవాత మన దేశం కోసమని చేసిన కీబోర్డుల్లో చేరింది. తుపాకికి మాత్రం ఎవరూ అడక్కముందే చోటిచ్చారు.

1996లో నాన్న కంటి పరీక్షకని మద్రాసొచ్చాడు. డప్పు కూడా తెచ్చుకున్నాడు. ఎందుకు తెచ్చావంటే "నీ పెట్టెల్లో మోగుద్దేమో చూద్దాం" అన్నాడు. రాత్రి పదకొండింటికి స్టూడియోకి తీసుకుపోయాను. ఏసీ గదిలో డప్పు చల్లబడి మెత్తబడింది. మంటెయ్యాలి. వాచ్‌మన్ తమిళంలో లబలబలాడాడు. చివరికి వెనక జనరేటరు దగ్గర పాత దినపత్రికలు తగలబెట్టి కాచాం. రెండు టేకులు కాగానే మళ్లీ చల్లబడేది, మళ్లీ బయటికి. ఇంజనీరు వాచీ చూసుకుంటున్నాడు. నాన్నకి అదేం పట్టలేదు. తోలు మీద వేలితో టకటక కొట్టి చూసుకుని, కాగిందనుకున్నాకే లోపలికొచ్చేవాడు. ఆయన కోసం జనం ఆగడం నేను అదే చూడడం.

సిర్ర దెబ్బలు, పుల్ల దెబ్బలు, రెండూ కలిసినవి, అంచు మీదవి, తోలు మీద చెయ్యి వేసి మూసిన దెబ్బలు, అన్నీ కలిపి పద్దెనిమిది. ఎస్1000 మెమరీ రెండు మెగాబైట్లు, మోనోలో ఇరవై సెకన్ల పైచిలుకు పడతాయి. ఒక్కో దెబ్బని ఒక్కో మీటకి కట్టి, ఫ్లాపీ మీద దాచి, పైన నాన్న పేరు రాశాను. అటారిలో ఒక చావు దరువు అల్లి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు. "దెబ్బ నాదేగానీ నడక నాది కాదురా" అన్నాడు. నిజమే. సీక్వెన్సర్ దెబ్బల్ని గీతల మీదకి లాగి సర్దుతుంది, దాన్నే క్వాంటైజ్ అంటారు. నాన్న పుల్ల గీత కన్నా కాస్త ముందు పడుద్ది, సిర్ర కాస్త ఆగి పడుద్ది. పీనుగని మోసేవాళ్ల అడుగుని బట్టి ఆ ఆగడం. క్వాంటైజ్ తీసేసి చేత్తో వాయించాను. అప్పుడు కాస్త తలూపాడు.

ఆ ఏడాదే ఆ దెబ్బలు ఒక సినిమా పాటలో వినపడ్డాయి. హీరోగారు వందమంది డాన్సర్లతో గంతులేసే పాట. మా స్టూడియోవాళ్లు ఫ్లాపీ కాపీ చేసి ఇచ్చారు. నన్నడగలేదు, నాన్ననడగలేదు. క్యాసెట్టు అట్ట మీద తబలా వాయించినాయన పేరుంది, వేణువు ఊదినాయన పేరుంది. వాళ్లకి కాల్షీటు డబ్బు ముట్టింది. నేను అడిగితే స్టూడియో ఓనరు "అది శాంపిలే కదయ్యా, మనిషి రాలేదు కదా" అన్నాడు. కళ్లం దగ్గర నిలబెట్టి రెండు చేటలన్నా పోసేవాళ్లు మా ఊళ్లో. ఇక్కడ మనిషిని గుమ్మం దాకా కూడా రానియ్యకుండా చేయించుకున్న వెట్టి ఇది. నాన్న మటుకు ఆ పాట ఊళ్లో పెళ్లి మైకులో వస్తే, నాలుగో దెబ్బ నుంచీ నాదే అని చెప్పుకునేవాడు. నమ్మినవాళ్లు తక్కువ.

సినిమాపనంతా హైదరాబాదుకి తరలింది. స్టూడియో మూతపడ్డప్పుడు మూడు నెలల జీతం బదులు ఆ ఎస్1000, అటారి నాకిచ్చారు. 2004లో నాన్న పోయాడు. మా అన్న ముందు నడిచి కొట్టాడు.

ఈ వ్యాపారంలో మెళకువలు పెద్దగా లేవు, ఓపిక కావాలి. జపాను నుంచి నేరుగా వచ్చిన పెట్టెలు వంద వోల్టులవి, చూసుకోకుండా మన ప్లగ్గులో పెడితే పొగే. డిఎక్స్7 లోపల చిన్న బ్యాటరీ అయిపోతే దాచుకున్న స్వరాలన్నీ పోతాయి. మన వానాకాలానికి ఫ్లాపీలకి బూజు పడుతుంది. అందుకని ఫ్లాపీ డ్రైవు తీసేసి పెన్‌డ్రైవ్ పెట్టుకునే గోటెక్ బిగిస్తాను. సరుకు కోసం ఆదివారం ఎర్రగడ్డ సంత. అక్కడొకసారి బీబీసీ మైక్రో దొరికింది. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద ఇలాంటివి కొన్ని బళ్లకిచ్చింది. ఇదీ ఏదో బడి సరుకే, పక్కన పెయింటుతో జాబితా నెంబరు. మీటల మీద ఒక్క అక్షరమన్నా అరగలేదు. బీరువాలో పెట్టి తాళమేసి, ఏ పిల్లవాణ్ణీ ముట్టనియ్యలేదన్నమాట. ఆ నిగనిగ చూసే ఒక సాఫ్ట్‌వేర్ ఆయన మంచి రేటిచ్చి పట్టుకుపోయాడు. పాతికమంది పిల్లలు అరగదీసి ఉంటే సగం కూడా వచ్చేది కాదు. పాత సామాను లోకం న్యాయం ఇట్టా ఉంటుంది.

మొన్నీమధ్య ఒక కుర్రాడొచ్చాడు, పేరున్న సంగీత దర్శకుడి దగ్గర ప్రోగ్రామరు. ఎస్1000 చూశాడు, తెర మసకబారింది కదా అని బేరమాడాడు, నలభై వేలకి కుదిరింది. తరవాత "అన్నా, డప్పు ఫ్లాపీ ఒకటుందంట కదా, అది కూడా ఇచ్చెయ్" అన్నాడు. సామానుతో పాటు రాదు తమ్ముడూ అన్నాను. "పదివేలు ఎక్స్‌ట్రా." రాదు. "ఏం చేసుకుంటావన్నా దాంతో?" ఏమీ చేసుకోను. కానీ డప్పు కావాలంటే మా అన్నున్నాడు, నడక కూడా నాన్నదే. రోజుకి ఆరువేలు, బస్సు చార్జీలు, పాట కింద పేరు. ముందే కాయితం మీద రాసుకోవాలి. మీ స్టూడియో వెనక మంటేసుకునే జాగా చూడండి అన్నాను. సార్‌నడిగి చెప్తానని, రెండువేలు తగ్గించుకుని పెట్టె ఆటోలో వేసుకుని పోయాడు.

పదిహేను రోజులకి ఫోన్ చేశాడు. సార్ సరేనన్నారంట, పేరు కూడా వేస్తారంట. కానీ బిల్డింగులో నిప్పు ఒప్పుకోరు, ఫైబర్ డప్పు తెచ్చుకుంటే కుదరదా అని. కుదరదు తమ్ముడూ, తోలుదే అన్నాను. మళ్లీ అడిగి, టెర్రస్ మీద ఒక మూల ఇస్తామన్నాడు, బుధవారం రమ్మన్నాడు. కాయితం ముందు పంపమన్నాను, పంపాడు. అన్నకి ఫోన్ చేసి అంతా చదివి వినిపించాను. డబ్బు సంగతి సరే, పేరు సంగతి సరే. "అంతెత్తున గడ్డి యాడ దొరుకుద్దిరా, నేనే ఓ మోపు కట్టుకుని రానా?" అని అడిగాడు.