ఒక్కడినే బాదామి పోయొచ్చిన

మా సోలాపూర్ నుంచి బాదామికి నేరుగా రైలుంది. విజాపూర్, బాగల్‌కోట్ దాటితే బాదామి. ఆ ఊరు చూడడానికి నాకు 66 ఏళ్లు పట్టింది. ఇన్నేళ్లూ ఎక్కడికి పోయినా పెళ్లికో, చావుకో, లేకుంటే ఇంటిల్లిపాదీ కలిసి తిరుపతికో. "రిటైరైనంక బాదామి పోదాం" అని మా ఇంటామె అంటుండేది. ఆమె పోయి మూడేండ్లాయె.

పోయిన చలికాలం నేను మాట ఎత్తగానే కోడలు పొయ్యి ఆపి వచ్చి కూర్చుంది. "ఒక్కరే ఎట్ల పోతరు మామా? రాత్రి దమ్ము లేస్తే?"

ఆమె భయం ఉత్తది కాదు. మిల్లు మూతపడేదాకా 18 ఏళ్లు కార్డింగ్ ఖాతాలో చేశాను. దూది నూగు సంగతి మీకు చెప్పాలా? వారం సెలవు అయిపోయి మళ్లీ పనికెక్కిన రోజు ఛాతీ పట్టేసేది, రెండ్రోజులకు సర్దుకునేది. జలుబు అనుకునేవాళ్లం. ఇప్పుడు మెట్లెక్కితే తెలుస్తున్నది.

అందుకే మొదట డాక్టరు దగ్గరికి పోయాను. పోవచ్చు, కానీ ఎత్తులు మెల్లగా ఎక్కాలి, పీల్చే పంపు సంచిలో కాదు, అంగీ జేబులో ఉండాలి అన్నాడు.

మా మనుమరాలు కాలేజీ పిల్లలతో కోటలెక్కి వస్తుంటది. తన వీపుసంచి నాకిచ్చింది. నేను నింపింది చూసి ఒకటే నవ్వు. మన సోలాపూర్ చద్దరు, ఇత్తడి చెంబు, నాలుగు జతల బట్టలు, పల్లీల చట్నీ డబ్బా. కిరాణా కొట్టు కాటా మీద పెడితే 11 కిలోలు. "తాతా, నీ బరువుల పదో వంతు దాటొద్దు" అన్నది. నా బరువు 58. చెంబు తీసేశాను, బట్టలు సగం తీసేశాను. చద్దరు తీయడానికి మాత్రం మనసొప్పలేదు. చివరికి అదీ తీశాను. చట్నీ ఉంచాను.

వారం రోజులు పొద్దున్నే ఆ సంచి వేసుకొని సిద్ధేశ్వర చెరువు దాకా నడిచాను. చూసినోళ్లు "ఇంట్ల కొట్లాడి పోతున్నవా?" అని అడిగిన్రు. రెండో రోజే కొత్త బూటు మడమ కొరికింది. అది ఇక్కడే తెలిసింది, నయం. పాత బూట్లే వేసుకొని పోయాను.

పైసలు మూడు చోట్ల పెట్టాను. నా పేరు, వేసుకునే గోలీలు, కొడుకు నంబరు ఒక కాగితం మీద కన్నడంలో రాయించి జేబులో పెట్టాను. అక్కడ పడిపోతే నా తెలుగు ఎవరు చదువుతరు? 112 ఫోనులో ఎట్లా నొక్కాలో మనుమరాలు చూపించింది. స్టేషన్ నుంచి ఊరు 5 కిలోమీటర్లు, అందుకని వెలుతురుండగా దిగే బండే ఎక్కాను. లాడ్జిలో ముందే ఫోన్ చేసి గది చెప్పి పెట్టాను. పొద్దున ఎటు పోతున్నానో, సాయంత్రం వచ్చానో లేదో ఇంటికి చెప్పాలి.

ఇంకొక మాట కూడా అనుకున్నాం. ఒకే ఎక్కుడులో పంపు రెండోసారి తీయాల్సి వస్తే అక్కడే ఆగి దిగిపోవాలి. ఇంకెంత దూరం మిగిలిందని చూడొద్దు.

మొదటి రోజు నాలుగు గుహలూ మెల్లగా చూశాను. మూడో గుహలో 578 నాటి శాసనం ఉంది. ఆ స్తంభాల దగ్గర చాలాసేపు కూర్చున్నాను. రాతిలో చెక్కిన బట్ట మడతలు చూస్తే నేసిన చేతులకు తెలుస్తది, ఎంత ఓపికనో. బయట కోతులు ఒకాయన చేతి సంచి గుంజుకుపోయినయి. నాది వీపు మీద, చట్నీ లోపల.

రెండో రోజు చెరువు అవతల కోట దారి పట్టాను. ఎర్ర బండల సందులో మెట్లు. సగంలో ఒకసారి పంపు తీశాను. ఇంకో మలుపు తిరిగాక మళ్లీ కావాల్సి వచ్చింది. పైన గోడ కనబడుతోంది. దిగుతున్న ఒక పిలగాడు "అజ్జా, ఇంక జరంతే" అన్నట్టు చెయ్యి ఊపాడు. కాళ్లు పైకే లాగినయి. ఖాతాలో బెల్టు కాలిన వాసనొస్తే ముందు మిషను ఆపేవాళ్లం, జాబరు వచ్చినంక తిట్టనీ అని. బండకు ఆనుకొని ఊపిరి సర్దుకున్నాక కిందికి దిగాను.

సాయంత్రం ఫోన్ చేశాను.

"పైదాకా పోయినవా తాతా?"

"లేదు బిడ్డా, సగంల దిగిన."

కొంచెంసేపు మాట లేదు. "అట్లయితే రేపు పట్టదకల్ కూడ పో. చదును నేలనే, బస్సు ఉంటది" అన్నది. ఫోన్ కోడలు తీసుకుంది.

"చద్దరు లేక చలి పెట్టిందా మామా?"

పెట్టిందని ఒప్పుకున్నాను.