ఊరంతా ఒకే ఇల్లు!

సాయంత్రమైతే చాలు... జపాన్‌లోని కినొసాకి వీధుల్లో చెక్కచెప్పులు టకటకలాడతాయి. యుకతా అనే నూలు అంగీ వేసుకుని, సత్రాల్లో దిగిన అతిథులంతా వేడినీటి బుగ్గల స్నానానికి బయల్దేరతారు. ఏడు ఉమ్మడి స్నానశాలలకు పేరుపొందిన ఊరిది. 1925లో భూకంపం, మంటలు నేలమట్టం చేస్తే జనం మళ్లీ కట్టుకున్నారు. ఆ తర్వాత ఓ సత్రం సొంత స్నానశాల పెట్టబోతే 'ఈ నీళ్లు ఎవరివి?' అంటూ ఊరు కోర్టుకెక్కింది. 1950లో రాజీ కుదిరింది... నీళ్లు అందరివీ, సత్రాల్లో చిన్న తొట్లే! అందుకే ఈనాటికీ వీధులు కళకళలాడుతున్నాయి.

స్నానానికీ పద్ధతుంది. ఆడా మగా వేర్వేరుగా, బట్టలన్నీ విడిచి, ఒళ్లు శుభ్రంగా కడుక్కున్నాకే నీళ్లలో దిగాలి. తువ్వాలు ముంచకూడదు. తిరిగొచ్చేసరికి చాపల గదిలో పరుపు సిద్ధం.

రైల్వేస్టేషన్ గుమ్మం, వీధులు వసారాలు, సత్రాలు గదులు... అంటారక్కడివాళ్లు!