క్వార్టర్ లెక్క

2025 జూలై 7, సోమవారం

గంజ్‌లో మూటలు మోసే హమాలీ ఒకాయన నడుం నొప్పని ఓపీకి వచ్చాడు. డాక్టరమ్మకు మందు వాసన తగిలి నా బల్ల దగ్గరికి పంపింది. తాగుడు ఎంతుందో తేల్చే ఆడిట్ ఫారం తీశాను. పది ప్రశ్నలు, 40 మార్కులు. 8 వచ్చిందంటే కూర్చోబెట్టి మాట్లాడాలి.

"తాగుడు వారంల ఎన్నిసార్లన్నా?"

"దినాం."

నాలుగు మార్కులు.

"తాగిన రోజు ఎన్ని డ్రింకులు?"

"ఒక్కటే మేడం. క్వార్టర్."

ఒకటీ రెండూ అంటే ఫారంలో సున్నా. ఆయన అన్నది అన్నట్టే రాస్తే మొదటి మూడు ప్రశ్నలకీ కలిపి నాలుగే. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో డ్రింకంటే 10 గ్రాముల ఆల్కహాల్. 180 ఎంఎల్ విస్కీ, 42.8 శాతం: అరవై గ్రాములు. అంటే ఆ 'ఒక్కటి' ఆరు డ్రింకులు! రెండో ప్రశ్నకు 2, ఒక్కసారికి ఆరు డ్రింకులు ఎన్నాళ్లకోసారి అనే మూడోదానికి 4. మూడు ప్రశ్నలకే పదయింది. ఈ ఫారాన్ని తయారుచేసేటప్పుడు కెన్యా, మెక్సికో, నార్వేలాంటి ఆరు దేశాల్లో పరీక్షించారట. మన వైన్స్ ముందుకు ఎవరూ వచ్చినట్టు లేదు.

రేపటి నుంచి బల్ల మీద ఖాళీ క్వార్టర్ సీసా పెట్టి అడుగుతాను. ఆయా ఏమనుకున్నా సరే.

జూలై 10, గురువారం

పేపర్ నిండా కూకట్‌పల్లి కల్తీ కల్లు చావులే. పొద్దున వచ్చిన పెద్దమ్మ మాత్రం ధీమాగా ఉంది: "మందు ముట్ట బిడ్డా. కల్లే." కల్లు తాగుడు కిందికి రాదని ఆమె లెక్క, ఆ ఇంట్లో అందరి లెక్కా అదే. కల్తీ కల్లులో కలిపేది ఆల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్. వాటి గురించి ఆడిట్‌లో ఒక్క ప్రశ్నా లేదు. "రెండ్రోజులు బందైతే ఎట్లుంటదమ్మా?" అని విడిగా అడిగాను.

"చేతులు వణుకుతయి. నిద్ర రాదు. పిచ్చి లేస్తది."

2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు జిల్లాల్లో ఫిట్స్‌తో, మతి తప్పి ఎంతమంది ఆస్పత్రుల పాలయ్యారో! ఒక్కసారిగా మానొద్దని మరీ మరీ చెప్పి ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి రాసిచ్చాం.

జూలై 22, మంగళవారం

లాల్‌దర్వాజా బోనాలు అయిపోయాయి. హమాలీ అన్న భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. ఈసారి కేజ్: అమెరికా డాక్టర్ జాన్ ఈవింగ్ రూపొందించిన నాలుగే ప్రశ్నలు. తగ్గించాలనిపించిందా, తాగుడు గురించి ఎవరైనా అంటే చిరాకేసిందా, తప్పు చేస్తున్నాననిపించిందా, పొద్దున లేవగానే చుక్క పడాలా.

రెండోదానికి ఆయన, "నన్నెవ్వరేమనలే" అన్నాడు. నిజమే చెప్పాడు.

"అనే ధైర్యం ఎవలకుంది మేడం?" అంది ఆమె, ఆయన వైపు చూడకుండానే.

సున్నా వేయాల్సిన గడి. పెన్ను ఆపి ఆయనను డాక్టరమ్మ దగ్గరికి పంపించి, ఆమెను కూర్చోమన్నాను. ఫారం పక్కన పెట్టి, ఇంట్లో కూలి డబ్బులు ఎవరి చేతికొస్తాయన్న దగ్గర మొదలుపెట్టాను.