చేరడానికి ఎంత?

అమెరికాలో చదువుతున్న ఓ తెలుగమ్మాయి రీల్ మా సెకండియర్ పిల్లల ఫోన్లలో తిరుగుతోంది. ఒకే రంగు టీషర్టులు, కేకలు, కౌగిలింతలు. సొరోరిటీలోకి తీసుకున్నారట. "అందులో చేరాలంటే ఎంత కట్టాల మేడమ్?" అని అడిగింది ఓ పిల్ల. అదేమిటని కాదు, ఎంత అని. పేదింటి పిల్లకి ఏ తలుపు దగ్గరైనా మొదట వచ్చే ప్రశ్న అదే.

సొరోరిటీ అంటే కాలేజీ ఆడపిల్లల సంఘం. అక్కచెల్లెళ్ల బంధం అంటారు. చేరాలంటే ముందు రోజుల తరబడి వాళ్ల చుట్టూ తిరిగి మాట్లాడాలి, నచ్చితే పిలుస్తారు. ఆ తర్వాత చందాలు. చోటును బట్టి ఏడాదికి వందల డాలర్ల నుంచి వేల డాలర్ల దాకా. బట్టలు, పార్టీలు అదనం. వారం వారం మీటింగు, రాకపోతే కొన్నిచోట్ల జరిమానా కూడా.

తెల్లవాళ్ల సంఘాలు నల్లజాతి అమ్మాయిల్ని రానివ్వని కాలంలో వాళ్లు తమ సంఘాలు తామే పెట్టుకున్నారు. హోవర్డ్ యూనివర్సిటీలో 1908లో ఆల్ఫా కప్పా ఆల్ఫా పుట్టింది. 1913 జనవరిలో అందులోంచే 22 మంది విడిగా వచ్చి డెల్టా సిగ్మా తీటా పెట్టారు. రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 3న, వాషింగ్టన్‌లో ఆడవాళ్ల ఓటుహక్కు ఊరేగింపులో నడిచారు. సంఘం అంటే నాకు గుర్తొచ్చేది ఆ నడక. ఇప్పుడు వాటిలో చేరడానికీ డబ్బు కట్టాల్సిందే, అది వేరే మాట.

మా అరకు కొండల్లో సొరోరిటీలు లేవు. ఫ్రెషర్స్ డే ఉంది, ఎత్నిక్ డే ఉంది, కల్చరల్ టీమ్ ఉంది. అన్నీ "స్వచ్ఛందమే". నేను చూసిన ఓ కాలేజీలో ఫ్రెషర్స్ డే చందా ఆరు వందలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. అంటే అమ్మ రెండు రోజులు మట్టి మోస్తే కూతురు ఒక సాయంత్రం నవ్వగలదు. చీర అద్దె ఇంకా లెక్కేయలేదు.

డబ్బు కన్నా టైము ఖరీదు. ప్రాక్టీసు సాయంత్రం నాలుగున్నరకి మొదలుపెడతారు. పై ఊళ్లకి ఆఖరి జీపు అప్పటికే కదులుతుంటుంది. డిసెంబర్ వచ్చిందంటే కాఫీ పళ్లు కోయాలి, ఇంట్లో ప్రతి చెయ్యీ కావాలి. ఇక టీమ్‌లో మిగిలేదెవరు? టౌన్లో ఇల్లున్నవాళ్లు, ఉద్యోగుల పిల్లలు. విశాఖ యూత్ ఫెస్టివల్‌కి వెళ్లేదీ వాళ్లే. ఎవరైనా బయటి నుంచి వచ్చి "నలుగురు చురుకైన అమ్మాయిల పేర్లు చెప్పండి" అంటే స్టాఫ్‌రూమ్ నోట్లో ముందు ఆడేదీ ఆ పేర్లే. మిగతా పిల్లలు "కలవరు" అని పేరు. కలవడానికి టికెట్టు పెట్టింది మనమేనన్న సంగతి ఎవరూ ఎత్తరు.

ఓ ఏడాది ఆ కాలేజీ థింసా టీమ్‌లో ఒక్క గదబ పిల్ల కూడా లేదు. పేరిచ్చిన ఒకమ్మాయి థింసా చీర, నగల అద్దె కట్టలేక మానుకుంది. వాళ్ల ఊళ్లో థింసా ఆడాలంటే వరస చివర నిలబడి పక్కామె నడుం వెనక చెయ్యి వేస్తే చాలు. చైత్రంలో ఇటుకల పండుగకి ఊరి ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి బళ్లు ఆపుతారు చూశారా? ఆ జట్టులో చేరడానికి పైసా అక్కర్లేదు. కట్టేది రోడ్డున పోయేవాడు!

గంటలు ముందే రాసిపెట్టే పద్ధతి మనకి తెలియనిదేం కాదు. ఎన్.ఎస్.ఎస్.లో ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకి 240, ఏడు రోజుల క్యాంపు. చేరేముందే పిల్లకి తెలుస్తుంది, ఇంట్లో చెప్పుకుంటుంది. మిగతా వాటికీ అలాగే ఎంత డబ్బు, ఎన్ని గంటలు, ఎప్పటికి వదులుతారు అన్నది నోటీసు బోర్డు మీద పెట్టమని స్టాఫ్ మీటింగులో అడిగాను. "పిల్లల సరదాల్లోకి కూడా మీ లెక్కలేనా మేడమ్?" అన్నారొక సార్. అవును సార్, లెక్కలే.

ఈసారి చందా వంద చేశారు. ప్రాక్టీసు మధ్యాహ్నం భోజనాల టైముకి మారింది. చీరలు కాలేజీయే కొని ఉంచాలన్న మాట మాత్రం ఇంకా తేలలేదు.